మర్దన కుర్చీకి చేతి నేర్పు ఏల రాదు?

బాలలారా! 1954లో జపాను దేశమందలి ఒసాకా నగరమున ఫుజిమోటో నొబువో అను నాతడు కొయ్యచట్రమున మెత్తని బేస్‌బాల్ బంతులను, సైకిలు గొలుసును అమర్చి, స్నానశాలలకు వచ్చువారి వీపుల నొత్తుటకై యొక కుర్చీని నిర్మించెను. నేటి కుర్చీలలో మోటారు వెన్ను పొడవున రోలర్లను నడపును. గాలితిత్తులు ఉబ్బి పిక్కలను బిగించి విడుచును. అర్ధరాత్రమున లేపినను విసుగుకొనకపోవుట ఆ కుర్చీల సుగుణము!

మరి చేతియందలి విశేషమేమి? వ్రేళ్ల కొనలయందు ఒత్తిడిని, కంపనమును వేర్వేరుగ గ్రహించు నాడీముఖములు క్రిక్కిరిసి యుండుటచే, నేర్పరియైన మర్దకుడు ఒత్తుచున్నంతసేపును కండరమును పరీక్షించుచునే యుండి, బిగిసినచోట బొటనవ్రేలిని నిలిపి, ఎదుటివాడు నొప్పికి ఊపిరి బిగబట్టిన తక్షణమే బలమును తగ్గించును. కుర్చీ యన్ననో, భుజముల యెత్తును కొలువనేర్చినదైనను, చాలవరకు ముందు నిర్ణయించిన వరుసనే అనుసరించును. నిన్న తగిలిన దెబ్బను గూర్చి అడుగదు.

అంతియకాదు, రోమములు గల చర్మమున, సెకనుకు 1 మొదలు 10 సెంటీమీటర్ల వేగముతో సాగు మృదువైన నిమురుటకే మిక్కిలిగ స్పందించు సన్నని నాడీతంతువులు కలవు. గోరువెచ్చని హస్తస్పర్శ వానికి మరింత ప్రియము. అమ్మ నుదురు నిమిరినప్పటి హాయికి ఇదియు నొక కారణమే.

పగటి బడలికకు కుర్చీ చాలును. మొండి పట్టులకు చేయియే మేలు. కాలు వాచినను, ఎముక విరిగినను కుర్చీని, చేతిమర్దనను రెంటిని విడిచి వైద్యునికడకు పొండు.