సుఖమీమాంస: చార్వాక న్యాయ వేదాంత మతముల తారతమ్యము

భారతీయదర్శనములలో సుఖమునుగూర్చిన చర్చ వచ్చినప్పుడు చార్వాకుని ఒకవైపునను, తక్కిన దార్శనికులనందఱిని మఱియొకవైపునను నిలుపుట పరిపాటియైనది. అతడు దేహసుఖమును కోరువాడనియు, తక్కినవారు దానిని తృణీకరించి ఆత్మానందమును కోరువారనియు విభజింతురు. ఈ విభాగము బోధనకు సులభమే కాని మూలగ్రంథములతో పొసగదు. వాదమంతయు నొక ప్రశ్నపై నిలిచియున్నదని మా అభిప్రాయము: సుఖమునుండి దుఃఖమును వేఱుచేయ వీలగునా? దీనికి చార్వాకులు, నైయాయికులు, వేదాంతులు ఇచ్చిన సమాధానములను వరుసగా పరిశీలింతము.

బార్హస్పత్యసూత్రములు నేడు సమగ్రముగా లభింపవు. ఇతరులు ఉదాహరించిన శకలములే మిగిలినవి. 1940లో బరోడానుండి ప్రకటితమైన జయరాశిభట్టుని ‘తత్త్వోపప్లవసింహము’ను కొందఱు ఈ మతమునకు చేర్చుచున్నను, అది ప్రధానముగా ప్రమాణఖండనగ్రంథము. కావున సుఖవిషయమున మనకు ముఖ్యాధారము 14వ శతాబ్దికి చెందిన మాధవాచార్యుని ‘సర్వదర్శనసంగ్రహము’నందలి ప్రథమప్రకరణమే. అది ప్రతిపక్షి వ్రాసినది. అప్పుచేసియైనను నేయి త్రాగుమను ప్రసిద్ధమైన మాట ఆ ప్రకరణముయొక్క చివరిభాగమున నున్నది. కాని ప్రకరణారంభమున ఆ శ్లోకమే పాఠాంతరముతో కనబడును. అచట అప్పును లేదు, నేయియు లేదు. మృత్యువునకు అందనివాడు లేడను భావము మాత్రమే కలదు. ఒక్క గ్రంథముననే రెండు పాఠములుండగా, పరిహాసమునకు అనువైనదే లోకమున నిలిచినది.

ఆ ప్రకరణమునందలి వాదము మాత్రము పరిహసింపదగినది కాదు. లోకసుఖము దుఃఖమిశ్రితమని చార్వాకుడు అంగీకరించును. ఐనను చేపను కోరువాడు పొలుసును, ముల్లును తీసివేసి తినదగిన భాగమును గ్రహించుచున్నాడు. వరిని కోరువాడు గడ్డిని తొలగించి గింజను గ్రహించుచున్నాడు. అట్లే దుఃఖమును చేతనైనంతవఱకు తప్పించుకొని సుఖమును పొందవలెనని అతని మతము. మృగములు మేయునను భయమున ఎవరును పైరు వేయుట మానరు గదా! ఇది విచ్చలవిడితనమును బోధించు మాట కాదు. ఏరుకొనుటకు వలసిన వివేకమును కోరు మాట.

న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడును భోజనదృష్టాంతమునే గ్రహించెను. కాని అతడు చూపినది తేనెయు విషమును కలిసిన అన్నము. చేపనుండి ముల్లు ఊడివచ్చును. అన్నమునుండి విషము ఊడిరాదు. కావున దుఃఖమును విడువగోరువాడు సుఖమునుగూడ విడువవలసినదే. అపవర్గమనగా దుఃఖముయొక్క ఆత్యంతికనివృత్తి. అందు నిత్యసుఖము వ్యక్తమగునను మతమును అతడు ఖండించెను. నిత్యసుఖమును ఆశించి యత్నించువానిని రాగము విడువదనియు, రాగము బంధమేయనియు అతని యుక్తి. ఇచట విశేషమేమనగా, నైయాయికుడు నిత్యాత్మవాది. ఐనను అతని మోక్షమున సుఖము లేదు. పైని చెప్పిన రెండుపక్షముల విభాగమున ఇతనికి చోటు లేదు.

ఇక వేదాంతము. తెలుగునాట తైత్తిరీయశాఖాధ్యయనము విశేషముగా నుండుటచే ఆనందవల్లి మనకు క్రొత్తది కాదు. అందలి ఆనందవిచారము లోకసుఖమును త్రోసివేయదు. దానినే కొలమానముగా గ్రహించును. యౌవనము, సాధువర్తనము, విద్య, దేహదార్ఢ్యము, బలము కలవాడొకడు. ధనపూర్ణమైన భూమియంతయు వానిది. వాని సుఖము ఒక మానుషానందము. అచటినుండి మనుష్యగంధర్వులు మొదలుకొని బ్రహ్మవఱకు పది మెట్లు, ప్రతిమెట్టున నూఱురెట్లు. గుణించినచో 1 తరువాత 20 సున్నలు గల సంఖ్య వచ్చును. బృహదారణ్యకమున ఇట్టి గణనయే తక్కువ మెట్లతో నుండుటచే, సంఖ్యయందు తాత్పర్యము లేదని తెలియుచున్నది.

తాత్పర్యము వేఱొకచోట నున్నది. ఈ పది మెట్లలో ప్రతిదానియందును, ఆ ఆనందమే కామముచే కొట్టువడని శ్రోత్రియునకును కలదని తైత్తిరీయము పలుకును. మొదటి మానుషానందమున మాత్రము ఆ మాట లేదు. మానుషభోగములయందు కోరిక లేని శ్రోత్రియుని ఆనందము వానికి నూఱురెట్లనియు, అనగా మనుష్యగంధర్వుల ఆనందముతో సమమనియు తెలుపుటకే అట్లున్నదని శంకరులు వ్యాఖ్యానించిరి. శ్రోత్రియత్వము, పాపరాహిత్యము అన్ని మెట్లకును సమానములు. కామరాహిత్యముయొక్క హెచ్చుతగ్గులనుబట్టియే ఆనందమున హెచ్చుతగ్గులు. కావున ఈ మతమున దుఃఖము విషయమునందలి ముల్లు కాదు, సుఖమునందలి విషమును కాదు. అనుభవించువాని కామమే దానికి మూలము.

కోరికయే లేనివానికి సుఖమెట్లు కలుగునని చార్వాకుడు ప్రశ్నింపవచ్చును. విషయములు లేని గాఢనిద్రలో సుఖముండుట అనుభవసిద్ధమని వేదాంతి ఉత్తరము. అది దుఃఖాభావమే కాని సుఖము కాదని నైయాయికుని ప్రత్యుత్తరము. ఈ వివాదము ఒక్క మాటతో తీరునది కాదు.

ఐనను ఇంతమాత్రము స్పష్టము. సుఖమును నిర్లక్ష్యము చేసినవారు ఈ మువ్వురిలో ఎవరును లేరు. దుఃఖముయొక్క స్థానమునుగూర్చియే వారి భేదము. తరగతిలో చార్వాకుని నేతిమాటతో ముగించినచో, అతనికే కాదు, అతనికి సమాధానము చెప్పినవారికిని అన్యాయము చేసినవారమగుదుము. ప్రశ్నయొక్క బలము తెలియనివానికి సమాధానముయొక్క బలము తెలియదు.