ఏడు సార్లు దాటే ఏరు

ఏరు కొండను కోసుకుపోయిన చోటును మనవాళ్లు గండి అంటారు. అమెరికాలోని అరిజోనాలో, టూసాన్ ఊరి ఉత్తరపు అంచున, కాటలీనా కొండల్లో ఉన్న బేర్ కాన్యన్ అలాంటి గండే. అనంతపురంలో పడే వానలో సగం కూడా సరిగ్గా పడని సొనోరా ఎడారి అది. మార్చి నెలలో ఒకరోజు పొద్దున్నే బయల్దేరుతుంటే మా మేనల్లుడు, "మామయ్యా, కాళ్లు తడుస్తాయి, పర్వాలేదా?" అన్నాడు. ఎడారిలో తడవడమేమిటో నాకు అర్థం కాలేదు.

సెవెన్ ఫాల్స్ అనే జలపాతం చేరేలోపు ఏటిని ఏడు సార్లు దాటాం. పైన కొండల మీద చలికాలంలో పడ్డ మంచు కరిగి వస్తున్న నీళ్లు. కాలు పెడితే జివ్వుమంది. ఈ కొండల్లో ఎత్తైన మౌంట్ లెమన్ శిఖరం 9,157 అడుగులు. కింద జెముళ్లు, పైన దేవదారు జాతి చెట్లు. చివర నైస్ రాతి మెట్ల మీదుగా నీరు ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి దూకుతోంది. ఆ రాతిలో తెలుపు, ముదురు బూడిద చారలు పక్కపక్కనే పరుచుకుని జంపఖానా నేసినట్టున్నాయి.

నా చూపు మాత్రం దారి పొడవునా సవారోల మీదే ఉంది. చేతులెత్తి నిలబడ్డ నలభై అడుగుల జెముడు అది. కాండం చుట్టూ చీర కుచ్చిళ్లలా నిలువు మడతలు. వాన పడితే అవి విచ్చుకుని కాండం ఉబ్బుతుంది, నీళ్లు తగ్గేకొద్దీ మళ్లీ దగ్గరికి ముడుచుకుంటాయి. వేళ్లు చాలావరకు లోతుకు పోవు. పైపైనే, కొన్ని అంగుళాల లోతులో, చెట్టు ఎత్తంత దూరం పాకి ప్రతి చినుకునూ అందుకుంటాయి. గిలా వడ్రంగిపిట్ట కాండంలో తొర్ర చేస్తే చెట్టు ఆ గాయం చుట్టూ గట్టి గోడ కట్టుకుంటుంది. పిట్ట వదిలేసిన ఆ గదిలో పిచ్చుకంత ఎల్ఫ్ గుడ్లగూబ కాపురం పెడుతుంది. మండే ఎండలో అంత చల్లని ఇల్లు ఇంకెక్కడ దొరుకుతుంది!

మూడో దాటు దగ్గర నా బూటుకు చోయా జెముడు కణుపు ఒకటి అంటుకుంది. చేత్తో లాగబోతే మేనల్లుడు వారించి, సంచిలోంచి దువ్వెన తీసి, బూటుకూ ముళ్లకూ మధ్య దూర్చి ఒక్క విదిలింపు విదిలించాడు. ఆ ముళ్లకు వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి. పట్టుకుంటే వదలవు. పడ్డచోట ఆ కణుపే వేరు తొడుగుతుంది. చోయా ఊరు మారేది అలాగే.

ఇక్కడి తొహోనో ఓధమ్ జనానికి సవారో అంటే మనిషే. జూన్‌లో పండ్లు ఎర్రగా పగిలినప్పుడు, చచ్చిన సవారో ఈనెలతో చేసిన పొడవాటి గెడలతో వాటిని రాలుస్తారు. పాకం కాచి, పులియబెట్టి, ఆ పులిసిన పానీయంతో వానను పిలుస్తారు. వాళ్లకు కొత్త ఏడాది అప్పుడే. టూసాన్‌లోనూ ఆ వానలను మాన్‌సూన్ అనే అంటారు. ఆ మాట వినగానే నాకు మన ఏరువాక పున్నమి గుర్తొచ్చింది.

తిరిగి వస్తూ ఒక పాలో వెర్డే నీడలో ఆగాం. ఆకులు రాల్చేసినా, పచ్చటి బెరడుతోనే అన్నం వండుకునే చెట్టది. పసి సవారోలకు దాది కూడా. ఎండా చలీ తగలకుండా వాటిని తన కింద పెంచుతుంది. మేనల్లుడి కూతురు వంగి చూసి, "తాతయ్యా, ఇక్కడొకటి!" అంది. గులకరాళ్ల మధ్య అంగుళమున్నర ముళ్ల బంతి. అంతవడానికి దానికి ఎనిమిదేళ్లు పడుతుంది. పువ్వు పూయడానికి ముప్పై అయిదు, చేయి మొలవడానికి యాభై పైనే.

"నాకూ ఎనిమిదే," అంది పిల్ల. ముట్టుకోకుండా, పక్కన చిటికెన వేలు నిలబెట్టి కొలుచుకుంది.