పొడిబట్టలతో మునక

డ్రైసూట్ వేసుకున్న డైవర్ గడ్డకట్టించే చలినీళ్లలో మునిగి లేచినా లోపలి ఉన్నిబట్టలు పొడిగానే ఉంటాయి. ఒంటిని వెచ్చగా ఉంచేది పైతొడుగు కాదు, ఆ బట్టల పోగుల్లో చిక్కుకున్న గాలి. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కాబట్టి మెడనూ మణికట్లనూ కరుచుకున్న పల్చటి లేటెక్స్ పట్టీలు దాన్ని బయటే ఆపుతాయి. కొత్త డైవర్‌ను తిప్పలు పెట్టేదీ ఆ గాలే.

డ్రైసూట్ వంశం పాతది. 1820లలో ఇంగ్లండులో డీన్ సోదరులు పొగలో పనిచేయడానికి చేసిన హెల్మెట్‌ను నీటి పనికి మళ్లించారు. దాని అడుగు తెరిచే ఉండేది. డైవర్ తూలితే నీళ్లు లోపలికి వచ్చేవి. లండన్‌లో స్థిరపడ్డ జర్మన్ పనిమంతుడు అగస్టస్ సీబె హెల్మెట్‌ను సూటుకు బిగించి ఆ దారి మూసేశాడు. పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిన రాయల్ జార్జ్ యుద్ధనౌక శిథిలాలను 1839 నుంచి తొలగించిన కల్నల్ పాస్లీ ఈ సూటునే మెచ్చాడు. అయితే డైవర్ తలకిందులైతే గాలంతా కాళ్లలో చేరి అతణ్ని పైకి లాగేది. అందుకే తర్వాతి సూట్లలో కాళ్ల వెనక తాళ్లు బిగించారు.

10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపై, నేటి డ్రైసూట్‌లోని గాలి సగానికి నలుగుతుంది. మడతలు చర్మాన్ని గిచ్చుతాయి. ఛాతీ మీది వాల్వ్ నొక్కితే సిలిండర్ గాలి లోపలికి వస్తుంది. గిచ్చుడు తగ్గేంత వరకే నింపాలి. వెచ్చదనం కోసం ఇంకాస్త అనుకుంటేనే చిక్కు. 30 మీటర్ల దగ్గర 5 లీటర్లున్న గాలిని వదలకుండా లేస్తే 10 మీటర్లకు వచ్చేసరికి 10 లీటర్లు, ఉపరితలానికి 20 లీటర్లు. చివరి 10 మీటర్లే ప్రమాదం.

ఎడమ జబ్బ మీది రెండో వాల్వ్ దీనికి విరుగుడు, అందమైన విరుగుడు. సూటులో గాలి ఒకే బుడగ. దానిలో పీడనం అంతటా ఇంచుమించు సమానం. బయటి నీటి పీడనం మాత్రం పైకి పోయేకొద్దీ, ప్రతి 10 సెంటీమీటర్లకు వాతావరణ పీడనంలో నూరోవంతు చొప్పున తగ్గుతుంది. అంటే బుడగ పైకొసన లోపలి గాలిదే పైచేయి. మోచేయి ఎత్తి వాల్వ్‌ను ఆ కొసకు చేరిస్తే బిళ్లను అదిమిపట్టిన చిన్న స్ప్రింగు లొంగిపోతుంది, గాలి దానంతటదే బయటపడుతుంది. చేయి దించితే మూసుకుంటుంది. పాదాల్లో చేరిన గాలి మాత్రం ఈ వాల్వ్‌కు అందదు. అప్పుడు మోకాళ్లు ముడుచుకుని పల్టీ కొట్టి తల పైకి తెచ్చుకోవాలి. తొలి పాఠాల్లో ఇది ముఖ్యం. బోర్లా, నేలకు సమాంతరంగా ఈదడం అలవాటైతే గాలి ఒంటినిండా పరుచుకుంటుంది, పల్టీల అవసరమే తగ్గుతుంది.

సీబె సూటు తర్వాతి కథ చిన్నదే. నీరు చొరని జిప్ వచ్చాక స్వీడన్‌కు చెందిన పొసైడన్ సంస్థ యూనిసూట్ తెచ్చింది. నేడు వాడుకలో ఉన్న మూడు పొరల సూట్లలో రెండు బట్టల నడుమ బ్యూటైల్ రబ్బరు ఉంటుంది. చార్లెస్ మాకింటాష్ 1823లో పేటెంట్ పొందిన వానకోటు బట్టలోనూ ఇలాగే రెండు బట్టల నడుమ రబ్బరు ఉండేది. బాగా లోతుకు పోయేవారు హీలియం కలిసిన గాలి పీలుస్తారు. అది వేడిని తేలిగ్గా జారవిడుస్తుంది కనుక, సూటులోకి వేరే చిన్న సిలిండర్ నుంచి ఆర్గాన్ పంపుతారు.