ట్యాంకుకు సొట్ట పడితే చెప్పి తీరాలి, ఎందుకంటే...

గల్ఫ్‌లో ఆయిల్ ట్యాంకుల పని చేసే మన ఫిట్టర్లు, వెల్డర్లు, పెయింటర్లు, హెల్పర్ల కోసం ఇది రాస్తున్నాను. 40 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకును కింద నిలబడి చూస్తే కోటగోడలా ఉంటుంది. కానీ పైవరుస ప్లేటు మందం 8 మిల్లీమీటర్లే ఉండొచ్చు. అంటే వ్యాసార్థం మందానికి 2500 రెట్లు. మీరు తాగి పడేసే కూల్‌డ్రింక్ డబ్బాకి ఇది 330 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన డబ్బా కన్నా ట్యాంకే పలుచన!

ఇలాంటి గోడ స్టీలు తెగి పోదు. మోస్తూ మోస్తూ ఒక్కసారిగా మడతపడిపోతుంది. దీన్నే బక్లింగ్ అంటారు. ఖాళీ డబ్బా మీద జాగ్రత్తగా నిలబడితే మోస్తుంది. అప్పుడు ఎవరైనా పక్కనుంచి వేలితో నొక్కితే చాలు, అప్పచ్చి అయిపోతుంది.

పైనుంచి ఎంత బరువు పడితే మడతపడుతుందో చెప్పే సూత్రం వందేళ్ల నుంచీ ఉంది. చిక్కేమిటంటే, పరీక్షల్లో గొట్టాలు అందులో సగానికో, మూడో వంతుకో, కొన్నయితే ఐదో వంతుకో కూలిపోయాయి. సూత్రం గోడ అచ్చంగా గుండ్రంగా ఉందనుకుంటుంది. అసలు గోడకి వెల్డింగ్ లాగిన చోట, ప్లేటు వంచిన చోట చిన్న చిన్న వంకరలుంటాయి. ప్లేటు మందమంత లోతు లేని వంకరకే బలం బాగా పడిపోతుందని డచ్ ఇంజనీరు కోయిటర్ 1945లో లెక్క కట్టి చూపించాడు. రాకెట్ల కోసం నాసా 1960లలో ఎంత కోత వెయ్యాలో సూత్రం ఇచ్చింది. వ్యాసార్థం మందానికి 1000 రెట్లుంటే పాత లెక్కలో 22 శాతమే నమ్మాలి!

ఇప్పుడు కంప్యూటర్లో గోడను చిన్న ముక్కలుగా విడగొట్టి, సైటులో కొలిచిన వంకరలు కూడా అందులో పెట్టి లెక్క వేస్తారు. క్రేన్ హుక్ తగిలి పడిన సొట్ట సంగతి ఎవరూ చెప్పకపోతే, ఆ లెక్క కాగితం మీది ట్యాంకుకే తప్ప మీరు ఎక్కి పనిచేసే ట్యాంకుకి కాదు. సుత్తితో కొట్టి పెయింట్ వేసేయమనే సూపర్‌వైజర్లు ఉంటారు. నా దృష్టిలో అది మోసమే.

మనవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం వ్యాక్యూమ్. కప్పు ఉన్న మామూలు ట్యాంకు, ప్రత్యేకంగా డిజైన్ చేస్తే తప్ప, ఏపీఐ 650 ప్రకారం తట్టుకోవాల్సింది 0.25 కిలోపాస్కల్ మాత్రమే. అంటే ఒక అంగుళం నీటి ఎత్తు. స్ట్రాతో జ్యూస్ తాగేటప్పుడు మీ నోరు ఇంతకన్నా గట్టిగా లాగుతుంది. పెయింట్ పడకుండా పైన వెంట్‌కి పాలిథిన్ కట్టి, అది తీయకుండా కింద పంపుతో తోడితే ట్యాంకు లోపలికి నలిగిపోతుంది. ఆవిరితో కడిగి, వేడి తగ్గకముందే మూతలన్నీ బిగించినా అంతే.

కడుతున్న ట్యాంకుకి గాలి గండం. పైన విండ్ గర్డర్ పడకముందు షమాల్ వస్తే గోడ నిలవకపోవచ్చు. తాత్కాలిక స్టిఫ్‌నర్లు, గై రోపులు పనికి అడ్డమొస్తున్నాయని ఫోర్‌మన్ విప్పమంటే, ఇంజనీరు రాసిచ్చిన కాగితం అడగండి.

సొట్ట కనబడితే ఏ వరుస ప్లేటు, ఎంత వెడల్పు, ఎంత లోతు రాసి సేఫ్టీ ఆఫీసర్‌కి ఇవ్వండి. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఫోన్ నిషేధం ఉన్న ప్లాంటులో ఫొటో జోలికి పోకండి, బొమ్మ గీసి ఇవ్వండి. భాష రాకపోయినా “డెంట్”, “వెంట్ క్లోజ్” అంటే ఎవరికైనా అర్థమవుతుంది.