పెరటి కోళ్లు, ఇంటి ఆరోగ్యము

ఉదయగిరి దుర్గము క్రింది పల్లెలయందును, ఆత్మకూరు చుట్టుపట్ల నున్న మెట్ట గ్రామములయందును కోళ్లు లేని పెరడు అరుదు. ఇది వానను నమ్ముకొన్న సీమ. కురిసిన యేట సజ్జయో జొన్నయో చేతికి వచ్చును. కురియని యేట కూలియే గతి. అట్టి యిండ్లలో నాలుగు పెట్టలును ఒక పుంజును గృహిణి చేతిలోని రొక్కము వంటివి. ఎవరినీ అడుగకుండ ఆమె వ్యయపెట్టగల ధనము పెక్కిండ్లలో ఇదియొక్కటే. పిల్లవాని పుస్తకములకును, చంటిబిడ్డకు జ్వరము తగిలిననాడు బస్సు ఛార్జీకిని ఒక పుంజు సంతకు పోవును.

నాటుపెట్ట యేటికి 60 మొదలు 80 వరకు గ్రుడ్లు పెట్టును. పొదుగవేసిన 21 దినములకు పిల్లలు బయటపడును. గద్దకును, పిల్లికిని, ముంగిసకును పోగా మిగిలినవి మనవి. ఇంతవరకు మన తల్లులకు తెలియనిది లేదు. చెప్పవలసినది తెగులు సంగతి.

2024వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మన నెల్లూరు జిల్లాయందే పొదలకూరు మండలము చాటగొట్లలోను, కోవూరు మండలము గుమ్మళ్లదిబ్బలోను కోళ్లు రాసులుగా చచ్చెను. అది పక్షులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజా జ్వరమని, అనగా బర్డ్ ఫ్లూ అని పరీక్షలో తేలినది. ఆ తావులకు ఒక కిలోమీటరు లోపలి కోడిమాంసపు దుకాణములు 3 నెలలును, 10 కిలోమీటరుల లోపలివి 3 దినములును మూయవలెనని ఉత్తరువైనది. పొదలకూరు ఆత్మకూరునకు దక్షిణమున నున్నది. మనకు దూరదేశము కాదు. ఆ వార్త విన్నది మొదలు మా మిత్రులలో కొందరు గ్రుడ్డు ముట్టుట మానిరి. ఉబ్బస మున్న బిడ్డ తల్లి యొకతె, “అయ్యవారూ, కోళ్లన్నిటిని అమ్మివేయుదునా?” అని యడిగినది. మరికొందరు, “మన తాతలనాటి నుండి లేని రోగము ఇప్పు డెక్కడిది?” అని నవ్విరి. ఈ భయమును ఈ నవ్వును రెండును తెలియమి వలననే కలిగినవి.

మన పెరళ్లలో తరచుగా కోళ్లను తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. దీనిని 1926లో జావాద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునందును గుర్తించిరి. 1927లో కుమావూను కొండలలోని రాణీఖేతున కనబడుటచే మన దేశమున దానికి రాణీఖేతు వ్యాధి యని పేరు వచ్చినది. కోడి నోరు తెరచి గురకపెట్టును, ఆకుపచ్చగా పారును, రెక్క వ్రేలవేయును, మెడ మెలివడును. మనుష్యులకు దీనివలన కన్నులు ఎఱ్ఱబడి కొలది దినములలో నెమ్మదించుటకు మించి హాని యరుదు.

పక్షుల ఇన్‌ఫ్లుయెంజా అట్టిది కాదు. ఇప్పుడు లోకమంతట తిరుగుచున్న హెచ్5ఎన్1 అను జాతి 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెద్దబాతులలో కనబడెను. 1997లో హాంకాంగునందు 18 మంది మనుష్యులకు సోకగా 6గురు మరణించిరి. 2006లో మహారాష్ట్రమందలి నవాపురమున మన దేశమునకు వచ్చినది. 2003 మొదలు లోకమున సుమారు వేయిమందికి సోకినట్లు లెక్క కలదు. వారిలో దాదాపు సగముమంది చనిపోయిరి. ఇన్ని కోట్ల మందిలో వేయి యనగా స్వల్పమే. ఐనను 2025లో మన రాష్ట్రమున పల్నాడు జిల్లాయందు ఒక పసిబిడ్డ దీనికి బలియయ్యెను; ఆ బిడ్డ పచ్చిమాంసపు ముక్క తిన్నదని విచారణలో తెలిసినది. ఈ రోగమున తురాయియు తమ్మెలును వాచి నీలముగా మారును, ముఖము ఉబ్బును. ఒక్కొక్కప్పు డేమియు కనబడకయే రాత్రి బాగున్న కోడి తెల్లవారునప్పటికి చచ్చియుండును. చలికాలమున వలసవచ్చు నీటిపక్షులు దీనిని మోసికొని రాగలవు. సోమశిల జలాశయమును, అనంతసాగరము చెరువును మనకు దగ్గఱనే యున్నవి.

కంటితో చూచి ఇది కొక్కెర, ఇది ఇన్‌ఫ్లుయెంజా అని నిశ్చయించుట డాక్టరునకును శక్యము కాదు. నిర్ధారణకు భోపాలునందలి ప్రయోగశాల కావలెను. కావున నాలుగైదు కోళ్లు ఒక్కసారి కూలినచో, పరీక్ష జరుగువరకు దానిని పెద్దరోగముగానే యెంచవలెను.

ఇక్కడనే మనవారి యలవాటొకటి అడ్డము వచ్చుచున్నది. ఒక కోడి తూగాడుట చూచినంతనే, “చచ్చిన దమ్మకము కాదు, ఇప్పుడే కోయుదము” అని కోసికొందురు. లేదా మిగిలినవానిని గంపలో వేసికొని తెల్లవారకముందే సంతకు చేర్చుదురు. చచ్చినవానిని చెరువుగట్టుననో ముండ్లకంపలోనో విసరివేయుదురు. కుక్కలు వానిని ఊరంతయు ఈడ్చును. పేదరాలి త్వరను నేను నిందింపజాలను. ఆ గంపలో నున్నది ఆమె ఆరునెలల కష్టము. కాని ఆ గంపతోడనే తెగులు పది గ్రామములకు పోవును. అన్నిటికంటె అపాయకరమైనది వండుట కాదు, కోయుటయు ఈకలు పెఱుకుటయు; ఆ పని చేయునది తల్లి, ప్రక్కన కూర్చుండి చూచునది బిడ్డ. బాగుగా ఉడికిన మాంసమున ఈ రోగబీజము బ్రతుకదు. లోపలి వరకు 70 డిగ్రీల వేడి చాలును.

పశువైద్యశాలకు కబురంపినచో కోళ్లన్నిటిని చంపివేయుదురని భయపడి దాచుచున్నారు. ఇన్‌ఫ్లుయెంజా నిశ్చయమైనచో ఆ ప్రాంతపు కోళ్లను చంపుట నిజమే. కాని అట్లు చంపిన వానికి సర్కారు పరిహార మిచ్చు నేర్పాటు కలదు. తమంతట చచ్చినవానికి లేదు. ఆలస్యము చేసినకొలది నష్టము దాచినవారిదే. చచ్చిన కోడిని వట్టిచేతులతో ముట్టక, కుక్కలు త్రవ్వజాలని లోతున సున్నము చల్లి పూడ్చవలెను.

పెద్దరోగము లేని దినములలోను కొన్ని జాగ్రత్తలు కలవు. వ్యాయామము చేయు బాలురకు పచ్చిగ్రుడ్డు త్రాగించుట బలమని యెంచుదురు. అందువలన సాల్మొనెల్లా అను విషజ్వరపు బీజములు కడుపులో చేరవచ్చును, ఉడికిన గ్రుడ్డే చక్కగా జీర్ణమగును. పచ్చసొన గట్టిపడువరకు ఉడికించిన గ్రుడ్డును మానుకొనిన మిత్రులు మరల తినవచ్చును. ప్రాకులాడు బిడ్డ యున్న యింట నడవలో కోళ్లను తిరుగనీయరాదు. బిడ్డ నేలనంటిన చేయి నోటబెట్టుకొనును, విరేచనములు ఎందుకని తల్లి దిష్టి తీయుచుండును. రాత్రి మంచము క్రింద కోళ్లగంప మూయు నాచారము మానవలెను. ఉబ్బస మున్నవారు గూడు ఊడ్వరాదు. రెట్టల ధూళి వారికి పడదు. ఆ తల్లికి నే నిచ్చిన యుత్తర మింతియే: అమ్మవలదు, గూడు పెరటి చివరకు మార్చుము, ఊడ్చుపని మరియొకరి కప్పగింపుము.

కొక్కెరకు మందు లేదు, టీకా కలదు. పిల్లలకు మొదటివారములో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క; ఆరు మొదలు ఎనిమిది వారముల ప్రాయమున రెక్క క్రింద సూది. చిక్కు వేరొకటి. టీకా సీసా నూరు కోళ్లకు సరిపోవునట్లు వచ్చును. మందు కలిపిన పిమ్మట గంట రెండుగంటలలో వాడవలెను, చల్లదనము తప్పరాదు. ఆరు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతె సీసా తెప్పించిన తక్కినదంతయు నేలపాలే. వీధి యంతయు ఒక్కనాడు కూడవలెను. ఈ పనికి మన విద్యార్థులే తగినవారు. తమ వీధిలో ఏ యింట పెట్టలెన్ని, పుంజులెన్ని, పిల్లలెన్ని, పొదుగునవి ఎన్ని యని పలకపై వ్రాసికొని పశువైద్యశాలకు ముందుగా తెలిపినచో సీసాలు లెక్కకు వచ్చును. లెక్క సాయంకాలము గూటిలో చేరిన పిమ్మట తీయవలెను. తెల్లవారి తలుపు తీసిన తరువాత పొరుగింటి కోళ్లును మన లెక్కలో చేరును.