బడులు తెరిచే ముందు పది రోజులు

మే మాసం చివరి వారం మొదలుకొని జూన్ నడిమి వరకు మా వైద్యశాలకు వచ్చే తల్లులలో చాలామంది అడిగేది ఒక్కటే. "పిల్లవాడు ఆరవ తరగతిలోకి వస్తున్నాడండీ, జ్ఞాపకశక్తికి ఏదైనా లేహ్యం ఇవ్వండి." ఆ లేహ్యం నేను తొందరపడి ఇవ్వను. ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? ఉదయం ఏమి తిని వెళతాడు? బడిలో మూత్రానికి వెళతాడా, ఇంటికి వచ్చేదాకా ఆపుకుంటాడా? మూడవ ప్రశ్న వినగానే తల్లి పిల్లవాని వైపు చూస్తుంది, పిల్లవాడు నేల వైపు చూస్తాడు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే 11 నుండి 14 సంవత్సరాల ప్రాయం. అయిదవ తరగతి వరకు తన కష్టసుఖాలు తెలిసిన ఒకరిద్దరు ఉపాధ్యాయుల నీడన పెరిగిన బిడ్డ ఒక్కసారిగా ఉన్నత పాఠశాలలో అడుగుపెడతాడు. గంటకొక ఉపాధ్యాయుడు, విషయానికొక నోటు పుస్తకం, తెలియని ముఖాలు. సరిగ్గా అప్పుడే శరీరం కూడా ఎదుగుదలకు పూనుకుంటుంది. ఇన్ని మార్పులను ఒక చెంచాడు లేహ్యం మోయలేదు.

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలను చెప్పారు. ఆకలి, దప్పిక, నిద్ర, మూత్రం, మలం వాటిలోనివే. బడి గంట మోగిన మొదటి రోజున మన పిల్లలు ఈ అయిదింటినీ ఆపుకోవడం నేర్చుకుంటారు. ఈ అయిదింటినీ దారిలో పెట్టడమే కొత్త తరగతికి అసలైన సన్నాహమని నా అభిప్రాయం. మన రాష్ట్రాలలో బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు గనుక, ఆ మాసం మొదటి తేదీ నుండే ప్రారంభిస్తే చాలు.

మొదట నిద్ర సంగతి. సెలవులలో అర్ధరాత్రి దాకా మేలుకొని ఎనిమిదింటికి లేచే బిడ్డను బడి తెరిచే నాడు ఆరింటికి లేపితే, ఆ వారమంతా తరగతిలో కునుకుతాడు. యుక్తవయస్సు సమీపించే కొద్దీ నిద్రవేళ సహజంగానే వెనక్కు జరుగుతుంది. దానిని బద్ధకమని తిట్టకండి. రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. పది రోజులలో రెండున్నర గంటలు కలిసి వస్తుంది. 12 ఏళ్ల లోపు వారికి కనీసం 9 గంటలు, ఆపై వారికి కనీసం 8 గంటలు నిద్ర అవసరం. లేవగానే కాసేపు వెలుతురులో తిరగనివ్వాలి. పడుకునే గంట ముందే సెల్‌ఫోను మరొక గదికి చేరాలి, నాన్నగారిది కూడా. అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేస్తే నిద్ర హాయిగా పడుతుంది.

ఇక ఆకలి. వేసవి పోయి వర్షాలు మొదలయ్యే సంధికాలంలో జఠరాగ్ని మందగిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. పైగా మామిడిపండ్లు, కొత్త ఆవకాయ, పెండ్లి భోజనాలు, పదింటికి ఫలహారం. అలవాటు అలా ఉండగా ఏడింటికి ఇడ్లీ ముందు పెడితే ఏ బిడ్డ తింటాడు? కనుక రాత్రి భోజనం ఎనిమిది లోపు, తేలికగా ముగించాలి. ఉదయం పలుచని రాగిజావతో మొదలుపెట్టండి. రెండు చెంచాల రాగి పిండిని రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయం గ్లాసు నీటిలో ఉండలు కట్టకుండా ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, చిటికెడు శొంఠి పొడి కలిపి ఇవ్వాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకలు సాగే వయస్సుకు ఇంతకన్న చవకైన బలం లేదు. అరగంటలో ఆకలి అదే లేస్తుంది, అప్పుడు ఇడ్లీ పెట్టండి.

అన్నిటికన్న నేను ఎక్కువగా చెప్పదలచినది దప్పిక, మూత్రముల గురించే. దీనిని గురించి తల్లిదండ్రులు అడగరు, పిల్లలు చెప్పరు. ఏడవ తరగతి చదివే ఒక బాలికను ప్రతి సాయంత్రమూ తలనొప్పి వస్తున్నదని తీసుకువచ్చారు. కళ్లు పరీక్ష చేయించారు, దోషం లేదు. చదివినది నిలవడం లేదని తల్లి బెంగ. నీళ్ల సీసా ఎలా తిరిగి వస్తున్నదని అడిగాను. నిండుగానే వస్తున్నదట. ఎందుకు తాగడం లేదని నెమ్మదిగా అడగగా, బడిలో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని ఆ పిల్ల చెప్పింది. నీళ్లు తాగితే అక్కడికి వెళ్లాలి, వెళ్లడం ఇష్టం లేదు, కనుక తాగదు. నేను మందు వ్రాయలేదు. ఆ తల్లి మరో ఇద్దరు తల్లులను వెంటబెట్టుకొని ప్రధానోపాధ్యాయురాలిని కలిసింది. గడియ బిగించారు. మూడు వారాల తరువాత వచ్చినప్పుడు తలనొప్పి మాట లేదు.

2019లో కేరళలోని బడులలో నీళ్లు తాగడానికే ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి మొదలై వార్తలకెక్కింది. మంచి పద్ధతే. కానీ నీటి గంట ఉన్నచోట శుభ్రమైన మరుగుదొడ్డి కూడా ఉండాలి గదా! బడిలో చేర్చేటప్పుడు ఫలితాల పట్టిక చూసే తల్లిదండ్రులు ఆ రెండవ గదిని కూడా ఒకసారి చూసి రావాలి.

మూత్రంలో మంట ఉంటే చెంచాడు ధనియాలు దంచి గ్లాసు నీటిలో కాచి, చల్లార్చి తాగించవచ్చు. జ్వరమో, నడుము నొప్పో తోడైతే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక మూత్ర పరీక్ష చేయించండి. మలబద్ధకానికి పది, పదిహేను ఎండుద్రాక్షలు రాత్రి నానబెట్టి ఉదయం తినిపించి, ఫలహారం అయ్యాక పది నిమిషాలు తొందరపెట్టకుండా కూర్చోనివ్వండి.

పుస్తకాల సంచి బిడ్డ బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి జాతీయ విధానం చెబుతున్నది. 35 కిలోల బిడ్డకు మూడున్నర కిలోలు. బరువు తగ్గించాలని నీళ్ల సీసా తీసేసే ఇళ్లను చూశాను. తీయవలసినది ఆనాటి పట్టికలో లేని పుస్తకాలను.

లేహ్యాల సంగతికి వస్తాను. సరస్వతి ఆకును పప్పులోనో పచ్చడిలోనో అప్పుడప్పుడు వాడుకోండి, అభ్యంతరం లేదు. వసకొమ్మును మాత్రం సొంతంగా అరగదీసి నాకించకండి. అందులోని అసరోన్ అనే పదార్థం హాని చేయగలదని జంతువులపై జరిపిన పరీక్షలలో తేలింది. అరిష్టాలు పులియబెట్టి చేసేవి, వాటిలో కొంత మద్యసారం ఉంటుంది. వైద్యుడు చూసి వయస్సును బట్టి మోతాదు చెప్పనిదే పిల్లలకు ఇవ్వరాదు.

బిడ్డ పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతూ, మట్టి, బలపాలు, బియ్యం తింటుంటే రక్త పరీక్ష చేయించండి. 12 నుండి 14 ఏళ్ల వారిలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత క్రిందే లెక్క. నువ్వుల ఉండలు, తోటకూర, నిమ్మరసం సాయపడతాయి గాని, తగ్గినదంతా అవే పూడ్చలేవు. ఇనుము మాత్రలు వాడవలసిందే. భోజనంతో పాటు టీ ఇవ్వకండి, తిన్న ఇనుము ఒంటబట్టదు.

ఆడపిల్లల తల్లులకు మరొక మాట. అమ్మాయి ఆరవ తరగతిలో చేరేనాటికే రజస్వల కావడం అంటే ఏమిటో మీ నోటితో చెప్పండి. రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు చిన్న గుడ్డ సంచిలో పెట్టి పుస్తకాల సంచి లోపలి అరలో ఉంచండి. అవసరపడినప్పుడు ఏ టీచరమ్మను అడగాలో కూడా మొదటి వారంలోనే తెలిపి ఉంచండి.