మోటారు తీగల పనికి తగిన కత్తి

విద్యుచ్ఛక్తితో నీరు తోడుట మన గ్రామములలో సామాన్యమైనది. కొడవలి, పార, పలుగులతోపాటు రైతు ఇంట టెస్టరు, స్క్రూడ్రైవరు, కటింగు ప్లయరు కూడ చేరినవి. కాని తీగపై పొరను తీయుటకు తగిన కత్తి మాత్రము మేము చూచిన మోటారు షెడ్లలో అరుదు. కొందరు కొడవలితో చెక్కుదురు; కొందరు గడ్డము గీయు బ్లేడుతో కోయుదురు; పెక్కుమంది పండ్లతో కొరికి లాగుదురు. పండ్లను గూర్చి మేము చెప్పనక్కరలేదు. తీగకు కలుగు చెరుపును గూర్చి మాత్రము చెప్పవలసియున్నది.

కత్తిని తీగకు అడ్డముగా నిలిపి చుట్టును త్రిప్పి కోసినయెడల పొరతోపాటు లోని రాగి పోగులును తెగును, లేదా గాటుపడును. గాటుపడిన పోగు రెండు మూడుసార్లు వంగినంతనే విరిగిపోవును. మిగిలిన కొలది పోగులే మొత్తము కరెంటును మోయవలసివచ్చుటచే అచ్చట వేడి పుట్టును. అతుకు బోరులో ఇన్నూరడుగుల లోతున నున్నప్పుడు ఈ లోపము కంటికి కానరాదు. ఒకనాడు మూడు ఫేజులలో ఒకటి తెగిపోవును. మోటారు మిగిలిన రెంటిమీదనే మూల్గుచు తిరిగి, తగిన రక్షణ లేనిచో చుట్టలు మాడిపోవును. పైపులు పైకి లాగు కూలి, చుట్టలు మరల కట్టించు వ్యయము, ఆ దినములలో ఎండిన పైరు, ఇవన్నియు ఒక్క గాటు ఫలితములే. కావున కత్తిని పెన్సిలు చెక్కునట్లు వాలుగా పట్టి, చేతికి వెలుపలివైపుగా నడపుచు, రాగి తగులకమునుపే ఆపి, మిగిలిన పొరను వ్రేళ్లతో ఒలిచివేయవలెను. బల్లపరుపు కేబులునకు పైతొడుగును మొదట రెండు తీగల నడుమ నిలువుగా చీల్చుట మేలు. అచ్చట కత్తిమొన జారినను లోతీగలకు తగులదు.

ఇట్టి పనికి పెద్ద కత్తి పనికిరాదు. అలుగు మూడునుండి నాలుగంగుళముల పొడవు, వెన్ను రెండు మూడు మిల్లీమీటర్ల మందము ఉన్న చాలును. అంతకంటె పలుచనిది మెలితిరుగును. మందమైనది పొరను కోయక చీల్చును. మడత కత్తి జేబులో ఇముడునన్న మాట నిజమే, కాని తాళములేని మడత కత్తి బలముగా ఒత్తునప్పుడు వ్రేళ్లమీద మూసికొనును. మట్టి చేరిన కీలు మరింత నమ్మరానిది. కావున ఒరతో గూడిన నిలువు కత్తినే మేము సిఫారసు చేయుచున్నాము. స్వీడను దేశమున మోరా అను ఊర తయారగు కత్తులు ఇందుకు మంచి నమూనా: ఆడంబరములేని అలుగు, జారని పిడి, అంచు ఇరుప్రక్కల ఒక్కొక్క చదునైన వాలు. ఆ వాలును రాతిమీద ఆనించి రాచినంతనే పదును వచ్చుటచే కొత్తవాడును చెడగొట్టలేడు.

దూరపు సరకు కొననక్కరలేదు. కోనసముద్రపు ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయిన దేశము మనది. మన కమ్మరి చేతిలో ఆ నేర్పు పూర్తిగా పోలేదు. లారీ కమాను పట్టీలో నూటికి సుమారు 0.6 పాలు కర్బనముండుటచే అది కత్తికి తగిన ఉక్కు. అయితే చేయించువాడు ప్రక్కన నిలిచి చూడవలెను. అలుగును అయస్కాంతమునకు అంటుకొనని వరకు ఎఱ్ఱగా కాచి, నీటిలోగాక నూనెలో ముంచవలెను. నీటిలో ముంచిన పగులు భయము. తరువాత మెరయునట్లు రుద్ది, ఎండుగడ్డి రంగు వచ్చువరకు మెల్లగా వేడిచేయవలెను. ఈ రెండవ కాపు మానినచో కత్తి పెళుసై విరుగును. తయారైన అంచుమీద ఆకురాయి కొరకక జారినయెడల పదును సరిగా పట్టినదని యెఱుగునది. కరెంటు సానపై నొక్కి పట్టగా అంచు నీలిరంగు తిరిగినచో ఆ భాగము మెత్తబడినట్లే. విరిగిన హాక్సా బ్లేడును అరగదీసి కత్తిగా వాడువారున్నారు; చవకయే, కాని అందు కొన్ని రకములు ఒత్తిడికి పుటుక్కున విరిగి ముక్కలు కంటికెగురును.

తుప్పుపట్టని ఉక్కు మంచిదా యని పలువు రడుగుదురు. ఎరువులు, తడి నిత్యము తగులుచోట అదియే మేలు. కాని అంగడిలోని చవకరకములు పలుమారు పదును నిలుపవు. తుడిచి దాచు అలవాటున్నవానికి మామూలు ఉక్కే చాలును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. కఱ్ఱపిడి గాని, టేపు చుట్టిన పిడి గాని కరెంటునుండి కాపాడునని యెంచరాదు. జంట త్రిభుజముల గుర్తు, 1000 వోల్టులను ముద్ర కలిగిన కత్తులు కలవు; అవి శిక్షణ పొందినవారి కొరకు, వానిలోను అలుగు అలుగే. కరెంటు పోయినది గదా యని తీగ కోయుటకంటె ప్రమాదము లేదు; అది చెప్పి రాదు. ఆటోస్టార్టరున్నచోట మోటారు తనంతట తానే తిరుగును. కావున మెయినుస్విచ్చి దించి, ఫ్యూజు క్యారియర్లను మూడింటిని ఊడదీసి, తన జేబులోనే వేసికొనవలెను. టెస్టరును మొదట కరెంటున్నదని తెలిసినచోట పరీక్షించి, తరువాతనే పనిచేయు తీగపై మూడింటికిని పెట్టి చూడవలెను; ఎండలో దాని దీపము కానరాదు గనుక చేతితో నీడ పట్టవలెను. సింగిల్ ఫేజు డబ్బాలోని కెపాసిటరు స్విచ్చి దించిన తరువాతను కొంతసేపు కరెంటును నిలుపుకొనును. దాని కొసలను ముట్టరాదు. తడినేలపై వట్టికాళ్లతో నిలువరాదు. స్తంభము, ట్రాన్సుఫార్మరు ఫ్యూజులు లైన్‌మనువి. అచ్చట రైతు కత్తికి పనిలేదు.

కవచపు కేబులులోని ఇనుప చుట్టను హాక్సాతోనే కోయవలెను, కత్తితో కాదు. మేకులు ఊడదీయుటకు, స్క్రూలు త్రిప్పుటకు దీనిని వాడినచో మొన విరుగును. పని ముగిసిన పిదప అలుగును పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె పూసి, ఒరలో పెట్టి పిల్లల కందని యెత్తున తగిలించునది. తోలు ఒర తడిసినచో అది ఆరువరకు కత్తిని వెలుపలనే ఉంచవలెను.